పక్కింటి గొలుసు

తెలుగులో కుక్కకి మర్యాద కొంచెం తక్కువే. కష్టాలతో గడిచే బతుకుని కుక్క బతుకు అంటాం. దిక్కులేని చావుని కుక్క చావు అంటాం. ఎంత చెప్పినా మారని మనిషి కనబడితే కుక్క తోక వంకర అని నిట్టూరుస్తాం. మళ్ళీ అదే నోటితో, విశ్వాసానికి కుక్కని మించింది లేదని కూడా మనమే చెప్తాం. తెలుగు బడిలో సామెతలూ జాతీయాలూ చెప్పే వారం వచ్చిందంటే ఈ తిరకాసు ప్రతి ఏడూ ఎదురవుతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకి కుక్క అంటే సోఫా మీద పడుకునే ఇంటి మనిషి. దాని పుట్టినరోజుకి కేకు కూడా ఉంటుంది. "అయితే కుక్క బతుకు అంటే హాయిగా ఉన్నాడని అర్థమా టీచర్?" అని ఒకబ్బాయి అడిగాడు ఓసారి. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కానీ ఈ దేశంలో కుక్కలన్నీ సోఫాల మీద లేవు. కొన్ని పెరట్లో గొలుసులకి ఉన్నాయి. అలాంటిది ఒకటి మా పక్కింట్లో ఉండేది. దాని విషయంలో ఏం చెయ్యాలా అని మా ఇంట్లో నలుగురం నాలుగు రకాలుగా ఆలోచించాం. చివరికి ఏం చేశామో, ఎందుకు చేశామో రాస్తే ఈ సంచిక చదివే పెద్దవాళ్ళకీ పిల్లలకీ ఎప్పుడైనా పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

మేం ఉండేది డాలస్‌కి ఉత్తరాన. ఇక్కడి ఇళ్ళ సంగతి మీకు తెలిసిందే. పక్క పక్కనే మేడలు, మధ్యలో ఆరడుగుల చెక్క ఫెన్సు. కింద నుంచి చూస్తే పక్కవాళ్ళ పెరడు కనబడదు, మేడ మీద కిటికీ దగ్గర నిలబడితే అంతా కనబడుతుంది. 2023 వేసవిలో మా అమ్మాయి గది కిటికీలోంచి కనబడింది ఆ కుక్క. గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి ఛాతీ. పెరటి మధ్యలో పాతిన ఇనుప గుంజకి గొలుసుతో కట్టేసి ఉండేది. గొలుసు పొడుగు ఎంతంటే, ఇంటి గోడ వారగా పడే నీడ దాకా అది వెళ్ళలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి నీడ కోసం తవ్వుకున్న గుంటలో ముడుచుకుని పడుకునేది.

"అమ్మా, అది ఏడవట్లేదు. మొరగట్లేదు కూడా," అంది మా అమ్మాయి. దానికప్పుడు తొమ్మిదేళ్ళు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చర్చ మొదలైంది. మావారిది ఒకటే మాట: "మనకెందుకు? మనం ఈ దేశానికి వచ్చి ఉంటున్నవాళ్ళం. గ్రీన్ కార్డు ఇంకా పెండింగులో ఉంది. పక్కవాడితో గొడవ, దాని మీద పోలీసులు, ఇవన్నీ అవసరమా?" తేలిగ్గా తీసిపారేసే మాట కాదిది. మన ఇళ్ళల్లో చాలామందికి నోటి చివర ఉండే మాటే. ఆ భయం వెనక పదేళ్ళ కష్టం ఉంటుంది.

అప్పుడు మా మావయ్యగారు ఆరు నెలల కోసం వచ్చి ఉన్నారు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో వ్యవసాయం చేసిన మనిషి. ఆయన ఎవరినీ తప్పు పట్టలేదు. మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మనవరాలి గదిలోకి వెళ్ళి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, సంతలో ఎద్దుని చూసినట్టు ఆ కుక్కని చూశారు. అరగంట తర్వాత కిందకి వచ్చి లెక్క చెప్పారు. "డొక్కలు బయటికి రాలేదమ్మా, తిండి పెడుతున్నారు. కళ్ళు బాగానే ఉన్నాయి, కుంటడం లేదు. అయితే గోళ్ళు పెరిగిపోయాయి, అంటే నడిపించట్లేదు. పేడ ఎత్తట్లేదు. నీళ్ళ గిన్నె చిన్నది, అదీ ఎండలో పెట్టారు. గొడ్డుని గాటికి కట్టేసినా పొద్దున్నా సాయంత్రం విప్పి నీళ్ళకి తోలుకెళ్తాం. దీన్ని విప్పేవాడు లేడు. కొట్టి హింస పెట్టేవాడు కాదు, పట్టించుకోనివాడు. ముందు ఈ రెంటికీ తేడా తెలుసుకోవాలి."

ఆ తేడా తెలుసుకోవడమే మొదటి పని అని నాకూ అనిపించింది. కుక్క బయట ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. కొన్ని జాతులకి డొక్కలు కాస్త కనబడటం మామూలే. ముసలి కుక్కకి మందులు వాడుతూ ఉండవచ్చు. ఒక్కరోజు చూసి ఒక మనిషి మీద ముద్ర వెయ్యకూడదు. అలాగని నెలరోజులు చూస్తూ కూర్చోనూ కూడదు, టెక్సస్ ఎండ అన్ని రోజులు ఆగదు. అందుకని మా అమ్మాయికి ఒక పని అప్పజెప్పాం. తెలుగు బడి నోటుపుస్తకంలో వెనక పేజీల్లో రోజుకి మూడుసార్లు చూసింది చూసినట్టు రాయాలి. అనుకున్నది రాయకూడదు, కళ్ళకి కనబడిందే రాయాలి. తెలుగులోనే.

"జులై 11 మంగళవారం. పొద్దున 8. గిన్నె ఖాలీ. మద్యాన్నం 12. నీడ లేదు. గుంటలో ఉంది. సాయంత్రం 7. అంకుల్ వచ్చాడు. నీళ్ళు పోసాడు. తిండి పెట్టాడు. గొలుస తియ్యలేదు."

ఒత్తులూ కొమ్ములూ నేను దిద్దలేదు. అంతకంటే పనికొచ్చే తెలుగు వ్యాసం మా బడిలో ఎవరూ రాసి ఉండరు!

ఈలోగా నేను చట్టం ఏమంటుందో చదివాను. టెక్సస్‌లో 2007లో వచ్చిన పాత చట్టంలో ఒక మెలిక ఉండేది. అధికారి వచ్చి తప్పు కళ్ళారా చూసినా, సరిదిద్దుకోవడానికి యజమానికి 24 గంటల గడువు ఇవ్వాలి. నడి ఎండలో నీళ్ళు లేని కుక్కకి 24 గంటలంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. దాన్ని మార్చే బిల్లుని 2021లో శాసనసభ ఆమోదిస్తే జూన్‌లో గవర్నరు వీటో చేశారు. జనం గట్టిగా గొడవ చేశారు. అదే ఏడు ప్రత్యేక సమావేశంలో మళ్ళీ ఆమోదించారు, అక్టోబరులో సంతకం అయింది. సేఫ్ అవుట్‌డోర్ డాగ్స్ యాక్ట్ అనే ఆ చట్టం 2022 జనవరి 18 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనిషి దగ్గర లేకుండా కుక్కని బయట కట్టేస్తే దానికి తలదాచుకునే చోటు, ఎండ తగలని నీడ, తాగే నీళ్ళు అందుబాటులో ఉండాలి. నిలవనీళ్ళలో, పెంటలో అది పడుకోవలసిన గతి పట్టకూడదు. గొలుసుతో కట్టకూడదు, బరువులు వేలాడదియ్యకూడదు. కట్టే తాడు కనీసం 10 అడుగులు గానీ, కుక్క పొడుగుకి అయిదు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అంత ఉండాలి. మెడపట్టీ సరిపడా ఉండాలి. మొదటిసారి తప్పుకి 500 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు, మళ్ళీ చేస్తే శిక్ష పెరుగుతుంది. 24 గంటల గడువు నిబంధన పోయింది. కట్టెయ్యకుండా పెరట్లో వదిలేసిన కుక్క సంగతి కూడా ఉంది. తిండీ నీళ్ళూ నీడా ఇవ్వకపోవడం వేరే చట్టం కింద జంతుహింసే.

మిగతా రాష్ట్రాల వాళ్ళు మీ మీ చట్టాలు చూసుకోండి, ఒక్కో చోట ఒక్కో రకం. పెన్సిల్వేనియాలో 2017 చట్టం ప్రకారం 90 డిగ్రీలు దాటినా, 32 కన్నా తగ్గినా కుక్కని అరగంటకి మించి బయట కట్టి ఉంచకూడదు.

"మన దేశంలో ఇలాంటివి ఎక్కడున్నాయిలే," అన్నారు మావారు. ఉన్నాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షను చూడండి. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో ఎంతోసేపు కట్టెయ్యడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తిప్పకపోవడం, తిండీ నీళ్ళూ ఇవ్వకపోవడం, అన్నీ నేరాలే. హైదరాబాదులో అమల అక్కినేని 1992లో బ్లూ క్రాస్ సంస్థ మొదలుపెట్టారని కూడా చెప్పాను. ఆయన ఇంకేం అనలేదు.

శుక్రవారం రాత్రి మావయ్యగారు మనవరాలికి సరమ కథ చెప్పారు. మహాభారతం చివర ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్క సంగతి పిల్లలందరికీ తెలుసు. భారతం మొదట్లో కూడా ఒక కుక్క ఉందని చాలామందికి గుర్తుండదు. ఆదిపర్వంలో జనమేజయ మహారాజు యాగం చేస్తుంటే ఒక కుక్కపిల్ల అక్కడికి ఆడుకుంటూ వచ్చింది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని ఊరికే కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. ఆ తల్లి పేరు సరమ, దేవతల కుక్క. సరమ నేరుగా రాజు ముందుకి వచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డని ఎందుకు కొట్టారని అడిగింది. మంచీ చెడూ చూడకుండా బలహీనుల్ని బాధపెట్టేవాళ్ళకి అనుకోని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్ళిపోయింది. అంత పెద్ద రాజూ ఆ మాటకి ఉలిక్కిపడ్డాడు. నన్నయగారి పద్యం మావయ్యగారికి చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్నది ఇప్పటికీ కంఠతా వచ్చు.

"చూశావా, సరమ కరవలేదు. ముందు అడిగింది," అన్నారాయన.

మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "దానికి అమ్మ ఉంది కాబట్టి అడిగింది తాతయ్యా. మరి పక్కింటి కుక్కకి ఎవరున్నారు?" అంది.

ఆ ప్రశ్నతో మా ఇంట్లో చర్చ అయిపోయింది. మావారు చెప్పులేసుకుంటూ, "రేపు శనివారం కదా, ఆయన ఇంట్లో ఉంటాడు. నేనూ వస్తాను," అన్నారు.

చేతులూపుకుంటూ వెళ్ళకూడదని మావయ్యగారు మా పెరట్లో టమాటాలు కోసి సంచీలో వేసిచ్చారు. తలుపు తీసినాయన యాభై ఏళ్ళ మనిషి, కళ్ళకింద నల్లటి చారలు, అప్పుడే నిద్ర లేచినట్టున్నాడు. టమాటాలు తీసుకుని సంతోషించాడు. కుక్క గురించి మేం ఫిర్యాదులా మొదలుపెట్టలేదు. "ఎండలు మండిపోతున్నాయి, మీరు రోజంతా పనిలో ఉంటున్నట్టున్నారు, పగటిపూట మీ కుక్కకి నీళ్ళు కావాలంటే మేం పోస్తాం," అన్నాను. ఆయన చెప్పుకొచ్చాడు. కుక్క వాళ్ళ అబ్బాయిదట. అబ్బాయి వసంతకాలంలో నేవీలో చేరి వెళ్ళిపోయాడు. ఈయనకి గోడౌన్లో పన్నెండు గంటల డ్యూటీ, వారానికి ఆరు రోజులు. ఫెన్సు కింద తవ్వుకుని అది రెండుసార్లు రోడ్డు మీదకి పోయింది, ఒకసారి కారు కింద పడబోయింది. అందుకే గొలుసు. చెప్తున్నప్పుడు గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

గొలుసు మాట నేను తియ్యక తప్పలేదు. "గొలుసు వెయ్యకూడదని చట్టం వచ్చిందట, పొడుగు తాడయితే నీడ దాకా వెళ్తుంది," అన్నాను. అక్కడ ఆయన ముఖం మారింది. "నా కుక్క సంగతి నేను చూసుకుంటాను. థాంక్యూ," అని తలుపు వేశాడు.

మర్నాడు పెద్ద నీళ్ళ తొట్టి ఒకటి కనబడింది. మా అమ్మాయి పుస్తకంలో వరసగా ఆరు రోజులు "నీళ్ళు ఉన్నాయి" అని రాసింది. ఒక్క మాట చెప్తే అంత మార్పు వచ్చింది కదా అనుకున్నాం. గొలుసు మాత్రం అలాగే ఉంది.

జులై 25 మధ్యాహ్నం ఎండ 100 డిగ్రీలు దాటింది. పైనుంచి మా అమ్మాయి కేక వేసింది. గొలుసు గుంజ చుట్టూ మెలికపడి, తొట్టి తిరగబడి, కుక్క బారెడు దూరంలో ఇరుక్కుపోయింది. నాలుక బయటపెట్టి ఆపకుండా రొప్పుతోంది. మనకి ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకి ఆ వీలు లేదు, దాని స్వేదగ్రంథులు ప్రధానంగా అరికాళ్ళలోనే. రొప్పడమే దానికున్న ఫ్యాను. రొప్పుడు హెచ్చి, నోట్లోంచి చొంగ కారుతూ, చిగుళ్ళు ఎర్రగా మారి, తూలడం మొదలైతే అది వడదెబ్బ. గంటల మీద కాదు, నిమిషాల మీద నడిచే వ్యవహారం.

వెళ్ళి బెల్ కొట్టాను. ఎవరూ లేరు. మా దగ్గర ఆయన ఫోన్ నంబరు లేదు. మావయ్యగారు ఫెన్సు ఎక్కి దూకేస్తానన్నారు, డెబ్భై ఏళ్ళ మనిషి! ఆపాను. ఇంకొకరి పెరట్లోకి దూకడం, వాళ్ళ కుక్కని విప్పేయడం చట్టం ఒప్పదు. అదీగాక, బెదిరిన కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది. మా వైపు నుంచే హోస్ పైపు తీసుకుని, పైపులో ఎండకి మరిగిన వేడినీళ్ళు ముందు మా గడ్డిలోకి వదిలేసి, చల్లటి నీళ్ళు రాగానే ఫెన్సు మీదుగా దాని మీదకి చిమ్మేలా ఆయన చేతికిచ్చాను. నేను ఫోను తీశాను.

మా ఊళ్ళో యానిమల్ సర్వీసెస్‌కి పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరు ద్వారా కలుపుతారు. డాలస్ నగరంలో ఉన్నవాళ్ళయితే 311 చెయ్యాలి. వాళ్ళు అడిగినవి ఏమిటంటే: చిరునామా, కుక్క ఎలా ఉంటుంది, ఇప్పుడు ఏం కనబడుతోంది, ఎన్నాళ్ళుగా ఇలా ఉంది. ఆ చివరి ప్రశ్నకి మా అమ్మాయి నోటుపుస్తకం చూసి తేదీలతో సహా చెప్పాను. మా వీసా ఏమిటని గానీ, ఏ దేశం వాళ్ళమని గానీ ఎవరూ అడగలేదు.

దాదాపు నలభై నిమిషాల్లో ఒక ఆఫీసరమ్మ వచ్చింది. గొలుసు చిక్కు విప్పి, నీళ్ళు పట్టించి, చిగుళ్ళు తెరిచి చూసి, దాన్ని నీడలోకి మార్చింది. మెడకున్న రేబీస్ టీకా బిళ్ళ మీది నంబరుతో దాని డాక్టరుని కనుక్కుని, అక్కణ్ణుంచి యజమాని ఫోను పట్టుకుంది. ఆయన గంటలో వచ్చాడు. ఇద్దరూ డ్రైవ్‌వేలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. ఆయన ఒకసారి మా ఇంటి వైపు చూశాడు.

ఆ వారంలోనే గొలుసు పోయింది. పెరట్లో ఒక చివర నుంచి ఇంకో చివరకి తీగ కట్టి, దాని మీద జారే పొడుగు తాడు వేశాడు. ఒక చెక్క గూడు, పైన నీలం టార్పాలిన్, పిల్లలాడుకునే ప్లాస్టిక్ నీళ్ళతొట్టి వచ్చాయి. ఫెన్సు పొడుగునా కింద రాళ్ళు పేర్చాడు. అది నీళ్ళతొట్టిలో పడుకుని తోకతో నీళ్ళు చిమ్ముతుంటే మా అమ్మాయి కిటికీ దగ్గర చప్పట్లు కొట్టింది.

కానీ ఆయన మాతో మాట్లాడటం మానేశాడు. చెత్తడబ్బాలు పెట్టే రోజు ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. మావారు ప్రతిసారీ చెయ్యి ఊపేవారు, ఆయన ఊపేవాడు కాదు. ఇది బాధగానే ఉండేది. ముక్కూముఖం తెలియని దేశంలో పక్కింటి పలకరింపు ఎంత విలువైనదో ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఆ పలకరింపు పోతుందని తెలిసే ఫోను చేశాం. ఈ సంగతి మీ దగ్గర దాచకూడదు. మంచిపని చేస్తే అందరూ మెచ్చుకుంటారని పిల్లలకి చెప్పడం కంటే, ఒక్కోసారి మంచిపనికి కొంత ఖరీదు కట్టాల్సి ఉంటుందని చెప్పడమే నిజం.

డిసెంబరులో వాళ్ళబ్బాయి సెలవు మీద వచ్చాడు. కుక్కని రోడ్డు మీద నడిపిస్తుంటే మా అమ్మాయి పరిగెత్తి వెళ్ళి, ముట్టుకోవచ్చా అని అడిగింది. అలా అడగడం బళ్ళో నేర్పారట. అతను ముందు దాన్ని కూర్చోబెట్టి, తర్వాత సరేనన్నాడు. దాని పేరు రస్టీ అని ఆ రోజు తెలిసింది. మర్నాటి వేసవిలో వాళ్ళు ఇల్లు మారి వెళ్ళిపోయారు. పికప్ ట్రక్కులో ముందు సీట్లో, కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చుంది రస్టీ. పెద్దాయన మా వైపు చూడలేదు.

చదివేవాళ్ళకి పనికొచ్చేలా నాలుగు ముక్కలు కలిపి చెప్తాను. ముందు సరిగ్గా చూడండి: నీళ్ళు, నీడ, గూడు, ఒళ్ళు, గోళ్ళు, నడక. చూసింది తేదీతో రాసుకోండి. అత్యవసరం కాకపోతే, ఎదుటివాళ్ళు ప్రమాదకరమైన మనుషులు కారనిపిస్తే, వెళ్ళి మర్యాదగా మాట్లాడండి. తప్పు పట్టడంతో కాకుండా సాయంతో మొదలుపెట్టండి. చాలాచోట్ల కథ అక్కడే అయిపోతుంది. అక్కడ కాకపోయినా, కుక్క ప్రాణం మీదకి వచ్చినట్టున్నా ఆలస్యం చెయ్యకుండా ఊరి యానిమల్ సర్వీసెస్‌కి ఫోను చెయ్యండి. మీ పేరు బయటికి రాకుండా ఉంటుందా అని ముందే అడగండి, ఊరిని బట్టి పద్ధతి మారుతుంది. ఇంటివాళ్ళ అనుమతి లేకుండా ఫెన్సు దాటవద్దు, కుక్కని విప్పవద్దు. మన వంటలు పెట్టవద్దు. మన సాంబారులో ఉల్లిపాయ, పాయసంలో కిస్మిస్ కుక్కకి విషం. చాక్లెట్టు కూడా అంతే. పిల్లలయితే ఇవేవీ ఒంటరిగా చెయ్యకండి. చూసింది అమ్మకో నాన్నకో టీచరుకో చెప్పండి. చెప్పినా వినకపోతే మళ్ళీ చెప్పండి.

ఒక మాట మనలో మనకి. 2020లో ఇళ్ళల్లో కూర్చున్న రోజుల్లో పిల్లల ముచ్చట కోసం కుక్కపిల్లల్ని తెచ్చుకున్న తెలుగు కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఆఫీసులు మళ్ళీ తెరిచారు, కుక్కపిల్ల కుక్క అయింది. సెలవులకి ఇండియా వెళ్తూ, రోజుకోసారి ఎవరో వచ్చి గిన్నెలో ఇంత పడేస్తే చాలనుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి. పక్కింటి పెద్దాయనకి దుర్బుద్ధి లేదు, తీరిక లేదు. తీరిక లేకపోవడం మన ఇళ్ళల్లోనూ ఉన్న జబ్బే. అందుకని ఈసారి ఇండియా టిక్కెట్లు కొనే రోజునే కుక్క ఎవరి దగ్గర ఉంటుందో కూడా తేల్చుకోండి. నమ్మకమైన బోర్డింగు గానీ, స్నేహితుల ఇల్లు గానీ. కుదరదనుకుంటే వెళ్ళేముందు సాయం అడగండి. అడిగితే మన బడి కుటుంబాల్లో ఎవరో ఒకరు ముందుకొస్తారు. మేం వస్తాం.

మన వేసవిలో మన ఊళ్ళల్లో రోడ్డు పక్కన తాటాకు పందిరి వేసి, కుండల్లో నీళ్ళు పెట్టి చలివేంద్రం నడుపుతారు. దారిన పోయే మనిషి ఎవరు, ఏ ఊరు అని అడగరు. దాహం ఉందా లేదా, అంతే. మా మావయ్యగారు తెనాలి వెళ్ళిపోయే ముందు, మా వాకిట్లో పెద్ద మట్టి మూకుడు ఒకటి పెట్టి రోజూ నీళ్ళు నింపమని మనవరాలికి చెప్పి వెళ్ళారు. పిట్టలు వస్తాయి, ఉడతలు వస్తాయి, పొద్దున్నే షికారుకి వచ్చే వీధిలోవాళ్ళ కుక్కలు ఆగి తాగుతాయి. వాటిని పట్టుకొచ్చే మనుషులు ఆ నిమిషం ఆగి మమ్మల్ని పలకరిస్తారు. ఒక పక్కింటి పలకరింపు పోయింది గానీ, ఇప్పుడు మా వీధిలో కుక్కలున్న ఇళ్ళన్నీ మాకు పేరుపేరునా తెలుసు.